నంది కొండ (చిక్కబళ్ళాపురం)

నంది కొండ కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం పట్టణానికి నైరుతిగా ఉన్న గ్రానైట్ కొండ. సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తు. వాలుల మీద రిజర్వు అడవి, నెత్తిన రెండు శతాబ్దాలకు పైబడిన తోట, ఆ తోట చుట్టూ కోట గోడ. కన్నడిగులు నంది బెట్ట అనీ నందిగిరి అనీ అంటారు. ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో నందిదుర్గం, నేటి పర్యాటకుల నోట నంది హిల్స్. కొండ కర్ణాటకదే అయినా కింది పల్లెల్లో సగం మాట తెలుగే. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం సాధారణం. కైవారం తాతయ్యగా పేరుపడ్డ యోగి నారేయణ తన తత్త్వాలను తెలుగులో చెప్పినది ఈ సీమలోనే. నాగార్జునసాగర్ ఆనకట్ట దగ్గర కూడా నందికొండ అనే ఊరు ఉంది. దానికీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోని గోరంట్ల నుంచి సూటిగా కొలిస్తే ఈ కొండ దక్షిణాన సుమారు 70 కిలోమీటర్లు. హిందూపురానికి ఇంకా దగ్గర. అయితే గోరంట్ల, హిందూపురం ప్రాంతానికీ కొండకూ ఉన్న అసలు బంధం దారిది కాదు, నీటిది. గోరంట్ల పక్కన పారే చిత్రావతి, హిందూపురం పొలిమేరలో పారే పెన్న, రెండూ ఈ కొండల వరుసలోనే పుట్టాయి. నీటితో పాటు మొక్కలూ అటు నుంచే ఇటు దిగివచ్చాయి. రాయలసీమ మెట్ట పొలాల గట్ల మీద కనిపించే నీలగిరి చెట్టు మన దేశంలో మొదట నాటుకున్నది ఈ కొండ తోటలోనే అని అటవీ గ్రంథాలు చెబుతాయి.

కొండ, మంచు, ఏర్లు

చుట్టుపక్కల మైదానమే దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని మీద నంది కొండ మరో 550 మీటర్లకు పైగా నిటారుగా లేస్తుంది. ఇది ఒంటరిది కాదు. బ్రహ్మగిరి, స్కందగిరి, చన్నగిరి, దివ్యగిరి అనే గుట్టలతో కలిపి దీన్ని పంచగిరి అంటారు. స్కందగిరినే ఊళ్ళవాళ్ళు కళవార బెట్ట అంటారు. మెత్తని రాయీ మట్టీ లక్షల ఏళ్ళలో కొట్టుకుపోగా గట్టి గ్రానైట్ ముద్దలు మిగిలిపోయి గుట్టలయ్యాయి. పెనుకొండ, మడకశిర, గుత్తి కొండలదీ ఇదే పుట్టుక. నంది కొండకు అదనంగా దక్కింది ఎత్తు.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీలు. ఆ లెక్కన కొండ కిందికీ మీదికీ మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటుంది. చెప్పుకోవడానికి చిన్న తేడాయే కానీ, తేమ గాలి వాలు ఎక్కుతూ నీటి బిందువులుగా మారడానికి అది చాలు. వానకాలంలోనూ శీతకాలపు తెల్లవారుజాముల్లోనూ లోయంతా మబ్బు నిండి, శిఖరాలు మాత్రం దీవుల్లా పైకి తేలి ఉంటాయి. సందర్శకులు చీకటితోనే బయలుదేరేది ఈ దృశ్యం కోసమే. అడవికి మాత్రం ఆ మబ్బు చూడముచ్చట కాదు, తాగునీరు. మంచు పట్టిన ఉదయం కొండ మీది పెద్ద చెట్ల కింద నిలబడితే వాన లేకుండానే చినుకులు పడతాయి. ఆకులకు తగిలిన మంచు నీరై, ఆకు కొసన బొట్టు కట్టి రాలుతుంది. పక్కనే ఉన్న బాట పొడిగా ఉంటుంది, చెట్టు మొదలు మాత్రం తడిసి ఉంటుంది. ఆ తడి వల్లే కొమ్మల మీద నాచు, చెట్టును అంటిపెట్టుకుని బతికే ఆర్కిడ్ జాతులు పెరిగాయి. కింద మైదానంలో కంపచెట్లు తప్ప నిలవని చోట, అరగంట ఎక్కితే పడమటి కనుమల ముక్కలాంటి అడవి ఎదురవుతుంది.

గ్రానైట్ తనలో నీరు నిలుపుకోదు. దాని పగుళ్ళలోనూ, పగుళ్ళలో చేరిన మట్టిలోనూ, చెట్ల వేళ్ళ నడుమా నీరు ఇంకి మెల్లగా ఊరుతుంది. రాయలసీమ గుట్టల మీది దొనల్లో వేసవిలోనూ నీళ్ళుండటానికి కారణం ఇదే. నంది కొండ మీది అమృత సరోవరం అలాంటి ఊటలతో నిండేది. చుట్టూ మెట్లు కట్టిన ఈ కొలను ఒకప్పుడు కొండ మీది జనానికి ప్రధాన నీటి వనరు.

ఈ వరుస చుట్టూ పుట్టిన ఏర్లు నాలుగు దిక్కులకూ పోతాయి. ఉత్తర పినాకిని, అంటే పెన్న, చన్నకేశవ కొండ దగ్గర పుట్టి గౌరీబిదనూరు మీదుగా హిందూపురం ప్రాంతంలోకి వస్తుంది. మళ్ళీ కర్ణాటకలోని పావగడ వైపు తిరిగి, పేరూరు దగ్గర ఆంధ్రలోకి వచ్చి, తాడిపత్రి, గండికోట, నెల్లూరు దాటి మొత్తం 597 కిలోమీటర్ల ప్రయాణంతో బంగాళాఖాతం చేరుతుంది. దక్షిణ పినాకిని తమిళనాడుకు పోతుంది. అర్కావతి కావేరిలో కలుస్తుంది. పాపాఘ్ని శిడ్లఘట్ట వైపు నుంచి బయలుదేరి, వేంపల్లె దగ్గరి గండి క్షేత్రం మీదుగా కమలాపురం వద్ద పెన్నను చేరుతుంది. చిత్రావతి దారి బాగేపల్లి, గోరంట్ల, పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం. పార్నపల్లె జలాశయం దాటి అది కూడా చివరికి పెన్నలోనే కలుస్తుంది. అంటే నంది వరుస నుంచి వేర్వేరుగా విడిపోయిన మూడు ఏర్లు కడప జిల్లాలో మళ్ళీ ఒక్కటవుతాయి.

ఏర్లు ఇన్ని పుట్టినా కింద వాటిలో నీరు కనిపించే రోజులు తక్కువ. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. కురిసిన కొద్దినీ పట్టుకోవడానికి ఊరూరా చెరువు కట్టి, ఒక చెరువు మరవ పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టు ఏర్పరచారు. చిత్రావతి మీది బుక్కపట్నం, ధర్మవరం చెరువులు ఆ పద్ధతికి పెద్ద ఉదాహరణలు. ఎగువన చెరువులు పూడినా, బోర్లు ఎక్కువైనా దిగువన ఏరు ఇసుకగా మిగులుతుంది. బాగేపల్లి దగ్గర పరగోడు వద్ద చిత్రావతికి అడ్డంగా ఆనకట్ట కట్టినప్పుడు రెండు రాష్ట్రాల మధ్య తగవు రేగింది అందుకే. ఇప్పుడు కొండకు రెండు వైపులా నీరు బయటి నుంచి వస్తోంది. అటు చిక్కబళ్ళాపురం చెరువులకు బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీటిని హెబ్బాళ–నాగవార పథకం ద్వారా పంపుతున్నారు. ఇటు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి హంద్రీ–నీవా కాలువ కృష్ణా నీటిని తెస్తోంది. ఏర్ల పుట్టింటికే నీళ్ళు మోయవలసి వస్తోందన్నమాట.

అడవి

కింది వాలులది ఎండు అడవి. తంగేడు, చందనం, బోదగడ్డి, ముళ్ళ పొదలు, వాటి మధ్య అలుముకున్న లాంటానా. ఇది అనంతపురం గుట్టల మీది అడవికి పెద్దగా భిన్నం కాదు. పైకి వెళ్ళేకొద్దీ ఆకు వెడల్పవుతుంది, నీడ చిక్కబడుతుంది. శిఖరం మీద సహజమైన అడవీ, మనుషులు నాటిన చెట్లూ కలిసిపోయి ఉంటాయి. ఏది ఎక్కడ ముగుస్తుందో గీత గీయడం కష్టం.

పక్షుల విషయంలో ఈ కొండ దేశంలోనే ప్రత్యేకమైనది. ముఖ్య పక్షి ఆవాసాల జాబితాలో దీనికి చోటు దక్కడానికి రెండు జాతులు ప్రధాన కారణం. ఒకటి పసుపు గొంతు పిగిలిపిట్ట. దక్షిణ భారతంలోని రాతి గుట్టల మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండదు. బండల సందుల్లో పొదలు దట్టంగా ఉన్న చోటే తిరుగుతుంది. హార్సిలీ కొండల వంటి రాయలసీమ గుట్టల్లోనూ కనిపిస్తుంది. గుట్టను క్వారీగా తవ్వితే దానికి వేరే చోటు లేదు. రెండోది నీలగిరి అడవి పావురం. దీని అసలు నివాసం పడమటి కనుమల తడి అడవులు. అక్కడి నుంచి ఇంత తూర్పున, ఎండు మైదానం నడుమ విడిగా మిగిలిన గుంపు నంది కొండ మీద ఉంది. రెండింటినీ ముప్పులో ఉన్న జాతులుగా గుర్తించారు. పావురం ఇక్కడ బతకడం ఒక ముఖ్యమైన సంగతిని చెబుతోంది: నెత్తిన ఉన్న ఆ కొద్ది పచ్చదనం మొత్తం తోటమాలుల సృష్టి కాదు, వారికి ముందు నుంచీ అక్కడ తడి అడవి ఉంది. శీతకాలంలో హిమాలయాల నుంచి వలస వచ్చే పిట్టలు కూడా ఇక్కడ ఆగుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బైనాక్యులర్లు మెడలో వేసుకున్నవారు తెల్లవారక ముందే గేటు దగ్గర కనిపిస్తారు.

చుట్టుపక్కల గుట్టల్లో చిరుతలున్నాయి. సందర్శకుడికి తప్పకుండా ఎదురయ్యే జంతువు మాత్రం కోతి. నంది కొండ కోతులకు సంచి జిప్పు తీయడం వచ్చు. చేతిలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే చాలు, లోపల ఏముందో చూడనవసరం లేదు, లాక్కుపోతాయి. తినుబండారాలు పెట్టి అలవాటు చేసింది మనుషులే కాబట్టి ఈ నేరంలో వాటి వాటా సగమే.

కోట, గుడి

కొండ చరిత్ర కింద గుడితో మొదలవుతుంది. కొండ పాదంలో నంది గ్రామంలోని భోగ నందీశ్వరాలయానికి 9వ శతాబ్దం తొలి సంవత్సరాల నాటి, సుమారు 806 నాటి, దాన శాసనాల ఆధారం ఉంది. ఆ శాసనాల్లో వినిపించే పేర్లు నోలంబ, బాణ వంశాలవి. నోలంబుల రాజధాని హెంజేరు ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హేమావతి. అమరాపురం దగ్గరి ఆ చిన్న పల్లెలో నోలంబుల గుళ్ళు ఇంకా నిలిచి ఉన్నాయి. అంటే నంది గుడికి తొలి పోషకుల్లో ఈ సీమ రాజులున్నారు. గంగ రాజులు తమను నందగిరినాథులని చెప్పుకున్నారు. తర్వాత చోళులు, హొయ్సళులు, విజయనగర రాజులు ఎవరి కాలంలో వారు కొంత చేర్చారు.

ఆవరణలో ఒకే వరుసన రెండు పెద్ద గుళ్ళున్నాయి: అరుణాచలేశ్వరుడిది, భోగ నందీశ్వరుడిది. నడుమ చిన్నగా ఉమామహేశ్వర గుడి. దాని ముందున్న కల్యాణ మండపం దగ్గర ఆగాలి. నల్లరాతి స్తంభాలు నాలుగే. వాటి మీద లతలు, లతల మధ్య చిలుకలు. ముక్కు కొన, రెక్క గీత కూడా తెలిసేంత సన్నగా చెక్కారు. పక్క గుళ్ళది బూడిదరంగు గ్రానైట్, అంత సన్నని పనికి లొంగదు. అందుకే ఈ మండపానికి వేరే రాయి ఎంచుకున్నారు. దాటి వెళితే శృంగి తీర్థమనే మెట్ల కోనేరు. నంది కొమ్ముతో భూమిని పొడిస్తే గంగ పుట్టిందని స్థలపురాణం. స్థానికుల లెక్కలో అరుణాచలేశ్వరుడు శివుడి బాల్యం, భోగ నందీశ్వరుడు యౌవనం. కొండ మీద ఉన్న యోగ నందీశ్వరుడు వైరాగ్యం. కింద భోగం, మీద యోగం అన్న ఈ అమరిక వల్ల కొండ ఎక్కడం కూడా యాత్రలో భాగమైంది. ఆలయం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. శివరాత్రి తర్వాతి రథోత్సవానికి సరిహద్దు ఇవతలి ఆంధ్ర ఊళ్ళ నుంచీ జనం పోతారు.

కొండ మీది కోటను చిక్కబళ్ళాపురం పాళెగాళ్ళు మొదలుపెట్టారు. 1760ల్లో హైదర్ అలీ, ఆ తర్వాత టిప్పు దాన్ని బలపరిచారు. మూడు వైపులా నిలువు బండ, ఒక్క పడమటి వాలు మీదే జంట గోడలు. మూడో మైసూరు యుద్ధంలో కార్న్‌వాలిస్ సేన మూడు వారాల పాటు ఆ వాలు మీదికి ఫిరంగులు లాగి గోడకు గండికొట్టింది. 1791 అక్టోబరు 19 తెల్లవారే లోపు కోట పట్టుబడింది. పైనుంచి రాళ్ళు దొర్లించడమే లోపలివారి చివరి ఆయుధమైంది. టిప్పు వేసవి విడిది తష్క్-ఎ-జన్నత్ ఇంకా నిలిచి ఉంది: చెక్క స్తంభాలు, కమానులు, గోడల మీద వెలిసిన రంగులు. కొండ అంచున టిప్పు డ్రాప్ అనే చోట ఖైదీలను తోసేవారన్న కథ గైడ్ల నోట గట్టిగా వినిపిస్తుంది. కథకు ఆధారాలు అంత గట్టివి కావు.

తోట

మామూలు తోటకూ వృక్షశాస్త్ర ఉద్యానానికీ తేడా ఉద్దేశంలో ఉంది. మొదటిది నీడకూ పూలకూ. రెండోది దూరదేశపు మొక్క ఇక్కడి మట్టిలో బతుకుతుందా, బతికితే ఎందుకు పనికొస్తుంది అని చూడటానికి. ఇంగ్లండులోని క్యూ తోట 1759లో, కలకత్తా దగ్గరి శిబ్‌పూర్ తోట 1787లో అలా మొదలయ్యాయి. బెంగళూరు లాల్‌బాగ్‌కు హైదర్ 1760లో పునాది వేశాడు. దానికి నమూనా శిరాలో మొగలు సుబేదారు దిలావర్ ఖాన్ వేయించిన ఖాన్ బాగ్ అంటారు. ఆ శిరా సుబాకు ఉన్న ఏడు పరగణాల్లో పెనుకొండ ఒకటి. మైసూరు సీమ తోటపని పుట్టిన చోటు ఈ ప్రాంతానికి అంత దగ్గర.

లాల్‌బాగ్ మైదానపు తోట. కింద వేడికి ఆగని మొక్కలకు చల్లని చోటు కావలసి వచ్చింది, ఆ చోటు నంది కొండ. టిప్పు తన విడిది పక్కన తోట వేయించాడనీ, 1790 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుంచి విత్తనాలు తెప్పించి పదహారు రకాల నీలగిరి చెట్లు నాటించాడనీ అటవీ గ్రంథాలు రాస్తాయి. భారతదేశంలో నీలగిరి సాగుకు తొలి తేదీగా దాన్నే చూపిస్తాయి. తేదీలను పక్కపక్కన పెడితే ఈ కథను కొంచెం జాగ్రత్తగా చదవాలనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు సిడ్నీలో మొదట దిగింది 1788 జనవరిలో. నీలగిరి జాతికి శాస్త్రీయ నామం పెట్టింది కూడా ఆ ఏడే. కొండ టిప్పు చేతి నుంచి జారిపోయింది 1791 అక్టోబరులో. నడుమ మిగిలింది నాలుగేళ్ళు కూడా కాదు. అయినా అసాధ్యమని కొట్టిపారేయలేం. 1788లో పారిస్ వెళ్ళిన టిప్పు రాయబారులు ఫ్రెంచి రాజును అడిగిన వాటిలో విత్తనాలు, మొక్కలు, తోటమాలులు కూడా ఉన్నాయి. పదహారు రకాలూ ఒకేసారి టిప్పు చేతి మీదుగానే వచ్చాయా, కొన్ని తర్వాతి ఇంగ్లీషు అధికారులు చేర్చినవా అన్నది వేరే ప్రశ్న. రెండోదే ఎక్కువ నమ్మదగినది.

ఎవరు నాటినా, తర్వాత జరిగింది మాత్రం చెట్లే చెబుతాయి. పక్కపక్కన పెరిగిన రకాలు ఒకదానితో ఒకటి సంకరమయ్యాయి. ఆ గింజల నుంచి వచ్చిన మొక్కల్లో వానలేమికీ పేద మట్టికీ తట్టుకున్నవి మిగిలాయి. ప్రధానంగా టెరెటికార్నిస్ జాతి లక్షణాలున్న ఈ నాటు రకానికే మైసూర్ గమ్ అని పేరు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో కాగితం మిల్లులకూ వంటచెరకుకూ దేశమంతా వేసిన నీలగిరి తోటల్లో పెద్ద భాగం ఈ రకమే. తెలుగువాళ్ళు కొన్నిచోట్ల జామాయిల్ అని పిలిచే చెట్టూ ఇదే. కొండ మీది ముసలి నీలగిరుల దగ్గర నిలబడితే బెరడు పొడుగాటి పట్టీలుగా ఊడి వేలాడుతుంది. దాని కింద మాను తెల్లగా, నున్నగా, మసిలేని గోడలా ఉంటుంది. రాలిన ఆకును వేళ్ళ మధ్య నలిపితే జలుబు మందు వాసన. అదే వాసన గోరంట్ల దారిలో ఏ బీడు గట్టు మీదైనా దొరుకుతుంది.

ఆ వాసన వెనక ఒక తగవూ ఉంది. తోటలో వింతగా మొదలైన చెట్టు కోలారు, చిక్కబళ్ళాపురం మెట్ట పొలాల్లో రాగినీ వేరుశనగనూ పక్కకు నెట్టింది. కూలీ అక్కర లేదు, మేక ముట్టదు, నరికితే మళ్ళీ చిగురిస్తుంది. పొలం వదిలి పట్నానికి పోయిన రైతుకు ఇంతకంటే అనువైన పంట లేదు. అయితే లోతుకు దిగే వేళ్ళతో ఏడాది పొడుగునా నీరు తోడుతుందని, బోర్లు ఎండటానికి అదీ ఒక కారణమని ఆరోపణ బలపడి 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి వేయడాన్ని నిషేధించింది. ఏర్లు పుట్టిన కొండే ఏర్లకు శత్రువన్న పేరున్న చెట్టుకూ పుట్టిల్లు కావడం ఈ ప్రాంతపు పెద్ద విడ్డూరం. నిజానికి భూగర్భ జలం తగ్గడానికి నీలగిరి ఎంత, బోర్లు ఎంత, పూడిన చెరువులు ఎంత అన్న వాటాలు ఇంకా తేలలేదు. చెట్టును తిట్టడం బోరును తిట్టడం కంటే తేలిక.

కోట ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక కొండ వేసవి విడిదిగా మారింది. ఫ్రాన్సిస్ కన్నింగ్‌హాం అనే అధికారి ఇక్కడ ఇల్లు కట్టాడు. 1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్ వేసవుల్లో ఇక్కడ గడిపేవాడు. కబ్బన్ బంగ్లానే ఇప్పుడు నెహ్రూ నిలయమంటున్నారు. ఆ కాలపు తోటమాలులు పెంచినవే నేటికీ బాటల వెంట కనిపించే సిల్వర్ ఓక్, సైప్రస్, మెట్లుమెట్లుగా కొమ్మలు పరచిన అరకేరియా. 1856లో లాల్‌బాగ్ ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. మైసూరు ఉద్యానశాఖ పెరిగాక నంది తోట కూడా దాని చేతికి వచ్చింది. తోట ఇప్పుడు ప్రయోగశాల కంటే పార్కు పోకడలోనే ఎక్కువగా ఉంది. చెట్లకు పేరు పలకలున్నా అందరూ నిలబడి ఫొటో తీసుకునేది పూల మడుల దగ్గరే. ముసలి చెట్ల చరిత్ర చెప్పే చిన్న ప్రదర్శన ఒకటి ఉంటే ఈ కొండ విలువ రెట్టింపయ్యేది.

తోట ప్రభావం కింది లోయలో ఇంకా తాజాగా ఉంది. కొండ చుట్టూ ఉన్న ఎర్రమట్టి నేలల్లో బెంగళూరు బ్లూ ద్రాక్ష, బంగాళాదుంప, గులాబీ, చామంతి పండుతాయి. బెంగళూరు బ్లూకు భౌగోళిక గుర్తింపు ఉంది. మైసూరు సీమలో మల్బరీ సాగును పెంచినది టిప్పే. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత, హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు, ధర్మవరం మగ్గం, ఇవన్నీ ఆ ఆకు మీద ఆధారపడ్డ ఒకే గొలుసు. దారంలో ఏ పోగు సరిహద్దుకు ఏ వైపు పుట్టిందో ధర్మవరం నేతగాడికి అక్కర్లేదు.

కొండకు వచ్చిన పెద్దవారు చాలామంది. 1927లో రక్తపు పోటుతో దెబ్బతిన్న గాంధీజీ ఏప్రిల్ నుంచి జూన్ తొలిరోజుల దాకా ఇక్కడ విశ్రాంతి తీసుకున్నారు, 1936లో మళ్ళీ వచ్చారు. ఆయన ఉన్న ఇల్లు గాంధీ నిలయం. 1961లో రెండో ఎలిజబెత్ రాణి, 1986 నవంబరులో బెంగళూరు సార్క్ సమావేశానికి వచ్చిన దేశాధినేతలు ఇక్కడికి వచ్చారు. కొండ కిందనే ముద్దేనహళ్ళి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఇంటిపేరైన మోక్షగుండం పూర్వపు ప్రకాశం జిల్లాలోని పల్లె. వారిది తెలుగు ములుకనాటి కుటుంబం. ఆయన సమాధి ముద్దేనహళ్ళిలో ఉంది.

సందర్శన

గోరంట్ల నుంచి పాలసముద్రం దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి మీదుగా చిక్కబళ్ళాపురం చేరడం సులువైన దారి. హిందూపురం నుంచి గౌరీబిదనూరు మీదుగానూ పోవచ్చు. ఆ దారి ఇరుకే కానీ పెన్న లోయ వెంబడి సాగుతుంది. హిందూపురం–బెంగళూరు రైలు దొడ్డబళ్ళాపురం మీదుగా పోతుంది. కొండకు దగ్గరగా ఉండేది చిక్కబళ్ళాపురం వైపు లైను మీది నంది హాల్ట్. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో చిన్న గేజి రైలు కోసం కట్టిన ఆ పాత స్టేషను భవనం కూడా చూడదగినది.

ఘాట్ రోడ్డు ఉదయం ఆరు ప్రాంతంలో తెరుస్తారు. వారాంతాల్లో బెంగళూరు నుంచి వచ్చే కార్లు, బైకులు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోవడంతో రద్దీ రోజుల్లో వాహనాలను పరిమితం చేస్తున్నారు. 2023 జనవరిలో చిక్కబళ్ళాపురం దగ్గర 112 అడుగుల ఆదియోగి విగ్రహం వెలిశాక ఈ దారిలో రద్దీ ఇంకా పెరిగింది. సోమవారం నుంచి గురువారం లోపు పోతే కొండ కొండలా కనిపిస్తుంది. 2021 ఆగస్టులో కుండపోత వానకు బ్రహ్మగిరి వైపు వాలు జారి రోడ్డు తెగిపోయింది. మూడు నెలలకు పైగా కొండ మూతపడి, డిసెంబరులో మళ్ళీ తెరుచుకుంది. రాతి మీద పలచగా నిలిచిన మట్టిని వేళ్ళే పట్టి ఉంచుతాయి. రోడ్డు వెడల్పు, కొత్త కట్టడాలు, రోప్‌వే వంటి ప్రతి పథకం మీదా పక్షిప్రేమికులకూ పర్యాటక శాఖకూ వాదన జరిగేది ఆ పలచని మట్టి గురించే.

రోడ్డు పడకముందు అందరూ ఎక్కినది సుల్తాన్‌పేట నుంచి వెళ్ళే మెట్ల దారి. ఇప్పటికీ అటవీ వాలు మీదుగా అది కోట ద్వారాల గుండా పైకి చేరుస్తుంది. ఎండు అడవి తడి అడవిగా మారే చోటును కళ్ళారా చూడాలంటే కారు పనికిరాదు, ఈ మెట్లే ఎక్కాలి. సగం దారిలో ఆకుల రంగు మారుతుంది, మరి కాసేపటికి రాతి మీద నాచు మొదలవుతుంది. అక్కడి నుంచి చెమటకు గాలి చల్లగా తగులుతుంది. పూర్తిగా చూడాలంటే ఒక రోజు పడుతుంది: తెల్లవారుజామున శిఖరం, ఎండ ఎక్కేలోపు తోట, అమృత సరోవరం, టిప్పు విడిది, మధ్యాహ్నం దిగి ముద్దేనహళ్ళి, సాయంత్రం భోగ నందీశ్వరుడి గుడి. సాయంత్రపు ఎండ పక్కవాటుగా పడినప్పుడే నల్లరాతి స్తంభాల మీది చిలుకల రెక్కలు విడివిడిగా తెలుస్తాయి. గుడి ప్రాకారం వెనక తలెత్తి చూస్తే ఉదయం నిలబడిన కోట అంచు నెత్తిమీదే ఉన్నట్టుంటుంది.